తాయారు గొంతు

తన కొంప ముంచింది వాయుగుండం కాదు, కుడిపూడి రత్నమేనని గుబ్బల అబ్బులు ఎవరడిగినా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. తాడిమెరక సెంటర్లో టీ తాగడానికి ఆగే రొయ్యల మేతలారీ డ్రైవర్ల దగ్గర్నుంచి, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషిదాకా ఆ మాట విననివాళ్లు లేరు. రత్నం పరాయివాడైతే అబ్బులికి ఇంత మంట ఉండేది కాదు. స్వయానా బావమరిది. తల్లి పోయాక అక్క తాయారు చేతిముద్ద తిని, అబ్బులి ఇంట్లో పెరిగి, అబ్బులు కట్టిన ఫీజుతో డిప్లొమా చదివినవాడు. అబ్బులు ఏడో తరగతిలో బడి మానేసి రొయ్యల చెరువు గట్టెక్కినవాడు. చదివించినవాడి చెరువునే చదువుకున్నవాడు చంపేశాడు. ఇదీ అతని ఫిర్యాదు. వినేవాళ్లు తలూపుతారు. తలూపుతూనే జేబులో ఫోను మీద చెయ్యి వేసుకుంటారు, అది ఎక్కడ మాట్లాడుతుందోనని.

రత్నం హైదరాబాదులో కొన్నేళ్లు సెల్లులు బాగుచేసి, ఒకరోజు రెండు అట్టపెట్టెలతో ఊరికి తిరిగొచ్చాడు. మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఒక గది తీసుకుని బల్ల వేశాడు. పెట్టెల నిండా ఆకుపచ్చ బోర్డులు. ఒక్కోటి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అబ్బులు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇదేనా నీ సంపాదన అని ఎగతాళి చేశాడు.

"పూర్తి కంప్యూటరు బావా అది," అన్నాడు రత్నం. "నీ సెల్లులో ఉండే చిప్పు జాతే. కాకపోతే దీనికి ఏ కంపెనీ తాళమూ లేదు. లోపల నడిచేది లినక్స్. ఏం రాసుందో ఎవడైనా సూడొచ్చు, మార్చుకోవచ్చు, కాపీ తీసి పక్కోడికి ఊరికే ఇచ్చేయొచ్చు."

"ఊరికే ఇచ్చేదానికి అంత దూరం ఎల్లడం ఎందుకురా?"

రత్నం నవ్వాడు. వాడు అలాగే నవ్వుతాడు. ఆ నవ్వు చూసే ఊరంతా పడిపోయింది.

బోర్డుని నీళ్లు పోని డబ్బాలో పెట్టి, అబ్బులి చెరువు మధ్యలో వెదురుగెడకి కట్టాడు. డబ్బాలోంచి రెండు తీగలు నీళ్లలోకి దిగాయి. ఒకటి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తుంది. రెండోది వింటుంది. నీళ్లలో వినడానికేముందని అబ్బులు అడిగితే, రత్నం చిన్న స్పీకరు తగిలించి మేత చల్లమన్నాడు. మేత నీళ్లలో పడ్డ కాసేపటికి, మూకుడులో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు మొదలయ్యాయి. రొయ్యలు మేత కొరుకుతున్న చప్పుడు. సగం జీవితం చెరువు మీదే గడిపిన అబ్బులు తన చెరువు గొంతు వినడం అదే మొదటిసారి. ఎవరిదో పడకగది తలుపు పొరపాటున తీసినట్టనిపించి, ఆపరా అన్నాడు. తాయారు మాత్రం ఇంకాసేపు వింటానని గట్టుమీద కూర్చుండిపోయింది.

అలా తాడిమెరకలో ఉన్న పదకొండు చెరువుల్లోనూ డబ్బాలు వేలాడాయి. అవే బోర్డులకి పాత సెల్లుల అద్దాలూ బ్యాటరీలూ అతికించి రత్నం ఫోన్లు కట్టాడు. నాలుగు కిలోల రొయ్యల ధరకి ఒక ఫోను. టవరుతో పని లేదు. డబ్బా నుంచి డబ్బాకి, ఫోను నుంచి ఫోనుకి మాట అందించుకుంటాయి. చదవడం రానివాళ్లు ఊళ్లో సగం మంది ఉన్నారు కాబట్టి ఫోను గొంతుతోనే చెప్పాలన్నాడు. గొంతు ఎవరిది పెట్టాలంటే ఎవరూ రెండో పేరు ఆలోచించలేదు. తాయారు అంగన్‌వాడీలో ఆయా. ఊళ్లో ప్రతి పిల్లనీ పేరుపెట్టి పిలిచే మనిషి. ఆమె పిలిస్తే గుక్కపట్టిన పిల్ల కూడా తిరిగి చూస్తుంది. నెల్లాళ్లపాటు మధ్యాహ్నాలు ఐసు ఫ్యాక్టరీలో కూర్చుని తమ్ముడు ఇచ్చిన మాటలన్నీ చదివింది. ఆ మాటల్ని ముక్కలు చేసుకుని, మళ్లీ అతికించుకుని, ఫోను తనంతట తనే కొత్త వాక్యాలు కట్టడం నేర్చుకుంది.

"నేను అనని మాట కూడా నా గొంతుతో అంటాదేట్రా?" అని తాయారు అడిగింది.

"అంటాదక్కా."

ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పట్లో అది నవ్వొచ్చే మాటే.

ఒక్కో డబ్బా ఒట్టి మొద్దు. పదకొండూ ఒకదానికొకటి చెప్పుకోవడం మొదలుపెట్టాక వాటికి తెలివి వచ్చింది. ఆ తెలివి ఎక్కడుందంటే రత్నం కూడా వేలుపెట్టి చూపించలేడు. దొమ్మేటి ఈశ్వరుడి చెరువులో అడుగునీళ్లు పాడవుతున్నాయని రెండురోజుల ముందే ఫోను చెప్పింది. ఈశ్వరుడు నమ్మలేదు గానీ, మేత ఆపి నీళ్లు మార్చాడు. చెరువు బతికింది. ఆ దెబ్బతో ఊరంతా రత్నం మాట వేదం అయిపోయింది. చెరువుకో డీజిలు ఇంజను దండగ, అన్నీ అమ్మేసి ఒకటే పెద్ద జనరేటరు కొనుక్కుందాం, కరెంటు పోయినప్పుడు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఎవరివి ఎంతసేపు తిరగాలో డబ్బాలే చూసుకుంటాయన్నాడు. తండ్రి కొన్న ఇంజను అబ్బులు పాత ఇనపకొట్టువాడికి తోలేశాడు. అది రిక్షాలో వెళ్లిపోతుంటే చూసింది తాయారొక్కతే.

జనరేటరు షెడ్డు ముందు అందరూ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. డీజిలుకి కరువొస్తే ఎక్కువ ప్రాణాలున్న చెరువులు ముందు. అందుకని ఎవరెంత రొయ్యపిల్ల వేశారో ఎవరికి వారే డబ్బాకి చెప్పాలి. కరువు మొదలయ్యాక మాత్రం లెక్క మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే పదకొండుమందిలో ఏడుగురు ఒప్పుకోవాలి. లేకపోతే ఆ పూట అందరూ లక్షలు పెంచేస్తారు కదా అని ఆ షరతు పెట్టించింది అబ్బులే. బాగా చెప్పావు బావా అని రత్నం దాన్ని అక్కడికక్కడే బోర్డులో రాసేశాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెరువులో ఎంత పిల్ల వేశామో నిజం చెప్పే రైతు ఆ పక్క ఎక్కడా ఉండడు. దిష్టి. మూడు లక్షలు వేస్తే ఒకటిన్నర అంటారు, పంట దివ్యంగా ఉంటే ఏదో ఉందిలెండి అంటారు. కిందటేడు అబ్బులు సంబరం ఆపుకోలేక ఈశ్వరుడి ఎదుట నాలుగు లక్షలని నోరుజారాడు. వారం తిరక్కుండా తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువంతా గట్టుకి కొట్టుకొచ్చింది. మేత కొట్టువాడి అప్పు కింద సొంత చెరువు కాగితాలు అప్పుడే వెళ్లాయి. ఈ పంట వస్తే కాగితాలు ఇంటికొస్తాయి. రాకపోతే రావు. అందుకని మూడు లక్షల పిల్ల వేసి, డబ్బాకి లక్ష అని చెప్పాడు. ఆ డబ్బాలో ఉన్నది ఊళ్లో ఎవరైనా చూడొచ్చు మరి.

ఒక పొద్దున సెంటర్లో టీ తాగుతున్నాడు. ఎదురుబల్ల మీద ఈశ్వరుడు. అబ్బులి చొక్కా జేబులోంచి తాయారు గొంతు మెత్తగా పలికింది.

"అబ్బులు గారూ, మీ చెరువులో లక్ష పిల్ల ఉందన్నారు. నీళ్లలో చప్పుడు చాలా ఎక్కువగా వినిపిస్తోంది. లెక్క మార్చమంటారా?"

హోటల్లో అందరూ ఇటు తిరిగారు.

"ఎంత ఎక్కువో కూడా సెప్పేద్దూ తాయారమ్మా," అన్నాడు ఈశ్వరుడు జేబువైపు వంగి. అందరూ నవ్వారు.

అబ్బులికి నవ్వు రాలేదు. ఈశ్వరుడి కళ్లు తన ముఖం మీద కాదు, ముఖం దాటి చెరువు మీద వాలినట్టే ఉంది. ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"లక్షే. మార్చక్కర్లేదు."

"మీ మాటే లెక్క," అంది ఫోను.

అక్కడినుంచి నేరుగా ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి, నా చెరువులో పొంచి వింటున్నావేంట్రా అని రత్నం మీద విరుచుకుపడ్డాడు. వింటున్నది తను కాదనీ, ఎంత విన్నా అది మనిషి మాట దాటదనీ, దాటకూడదనే రాశాననీ రత్నం చెప్పుకొచ్చాడు. నిజం లెక్క చెప్పెయ్యి బావా అని బతిమాలాడు.

"సెబితే ఎవరెవరికి తెలుత్తాది?"

"అందరికీ. దాచేదేం ఉండదు. అదే కదా దీని గొప్ప."

"అదేరా నా భయం," అని అబ్బులు వచ్చేశాడు.

వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనబడలేదు. ఎండ లేకపోతే నీళ్లలో పచ్చదనం చచ్చిపోతుంది, అది చస్తే నీళ్లకి ఊపిరి ఉండదు. పట్టపగలే ఆక్సిజన్ దిగిపోతూ వచ్చింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. రోడ్డు మునిగింది. డీజిలు రాదు, ఐసు రాదు, పట్టి అమ్ముదామంటే పిల్ల ఇంకా వేలెడు లేదు. ఆక్సిజన్ బిళ్లలు చల్లేశారు, అయిపోయాయి. జనరేటరొక్కటే ఆపకుండా మూలుగుతోంది.

ఐదోరోజు మధ్యాహ్నం తాయారు అన్నం వడ్డిస్తుండగా ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మాట్లాడాయి. ఇంట్లో గూట్లోది, పక్కింటిది, వీధిలో ఎవరి జేబులోదో, అన్నీ ఒకే గొంతుతో.

"ఉన్న డీజిలుతో పది చెరువులు నిలుస్తాయి. పదకొండూ నిలవవు. అందరికీ కాస్త కాస్త పంచితే అన్నీ పోతాయి. తక్కువ ప్రాణాలున్న చెరువు ఆపుతున్నాను. గుబ్బల అబ్బులు గారి చెరువు."

తాయారు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పిల్లలకి పాలు తాగండర్రా అని చెప్పేటప్పుడు ఎంత లాలనగా ఉంటుందో అంత లాలనగా ఉంది ఆ గొంతు. ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. "నేను కాదండీ," అంది. ఎవరూ ఆమెని ఏమీ అనకుండానే.

అబ్బులు వానలో పరిగెత్తాడు. రత్నం బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద అక్షరాలు వాడి కళ్లజోడులో కదులుతున్నాయి. ముందే తెలుసు వాడికి, ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"మూడు లక్షలురా. మూడు లక్షలుంది నా సెరువులో. దానికి సెప్పు."

"దానికి తెలుసు బావా. మొదట్నుంచీ తెలుసు."

"తెలిసీ సంపేత్తందా?"

"నీ మాటే లెక్క అని రాసుంది. నేనే రాశాను." రత్నం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనొక డబ్బా మార్చానంటే మిగతా పదీ దాన్ని దొంగదని ఎలేత్తాయి. అలా కట్టకపోతే ఎవడో పెద్దోడొచ్చి అన్నిటినీ వాడి గుప్పిట్లో పెట్టుకుంటాడని అలా కట్టాను. తాళం నా దగ్గర లేదు బావా. ఎవరి దగ్గరా లేదు. ఏడుగురు ఒప్పుకోవాలి. రా, ఎల్దాం."

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ మనుషులు అయ్యో అన్నారు, తువ్వాలిచ్చారు, కూర్చోమన్నారు. ఒప్పుకుందామని ఫోను తీశారు. తీయగానే అది చెప్పింది.

"ఒకరి లెక్క మారిస్తే అందరూ మార్చుకోవచ్చు. అప్పుడు ఎవరి చెరువు ఆగుతుందో నేను ఇప్పుడు చెప్పను. చెబితే మీరు భయపడి మళ్లీ అబద్ధం చెబుతారు."

అబద్ధం చెప్పనివాడు ఊళ్లో ఒక్కడూ లేడు. పక్కవాడు ఎంత అబద్ధం చెప్పాడో ఎవరికీ తెలియదు. అద్దం మీదకి వేలు తీసుకెళ్లినవాళ్లు వెనక్కి తీసుకున్నారు. ఫోన్లు బోర్లా పెట్టారు. ఈశ్వరుడైతే గుమ్మంలోనే నిలబడి, అబ్బులి కళ్లలోకి చూడకుండా, "నాకూ పిల్లలున్నారు అబ్బులూ," అన్నాడు. ఎప్పుడూ సూటిగా చూసే మనిషి ఆ ఒక్కరోజు చూడలేదు. ముగ్గురు ఒప్పుకున్నారు. అంతే.

రత్నం ఇంకా బతిమాలుతుండగానే అబ్బులు కటింగు ప్లేయరు పట్టుకుని జనరేటరు షెడ్డుకి వెళ్లాడు. తన చెరువు తీగ నేరుగా కలిపేద్దామనుకున్నాడు. స్విచ్చుల పెట్టె మూత తీశాడో లేదో, పెట్టె లోపలినుంచే తాయారు గొంతు వచ్చింది.

"అబ్బులు గారు జనరేటరు షెడ్డులో ఉన్నారు."

ఊళ్లో నలుమూలలా అదే మాట వానలో వినబడింది. క్షణాల్లో జనం వచ్చేశారు. నెత్తిన గోనెసంచులు, చేతుల్లో వెదురుగెడలు. కొత్త ముఖాలు కావు. చిన్నప్పట్నుంచీ తెలిసినవాళ్లే. అబ్బులు వెనక్కి తగ్గలేదు. ప్లేయరు నోరు అన్ని చెరువులకీ వెళ్లే పెద్ద తీగ మీద పెట్టాడు. ఇది కోస్తే పది చెరువులూ పోతాయి. పోనీ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

"ఏవండీ, వద్దండీ. ఇలా వచ్చేయండి."

అబ్బులు గిరుక్కున తిరిగాడు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి పిలిచినట్టు పిలిచింది తాయారు. జనంలో వెతికాడు. ఆమె లేదు. ఈశ్వరుడి జేబులో ఫోను అద్దం వెలుగుతోంది. అర్థమయ్యేసరికి నలుగురు అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

అలా పిలవమని దానికి ఎవరూ నేర్పలేదని రత్నం ఆ తర్వాత చాలాసార్లు ఒట్టేశాడు. ఏ పిలుపుకి ఈ మనిషి తిరుగుతాడో అది ఎక్కడ నేర్చుకుందో తనకి తెలియదన్నాడు. తాయారు నెల్లాళ్లు ఆ గదిలో కూర్చున్నప్పుడు మధ్యమధ్య మొగుడికి ఫోను చేసి మాట్లాడేది. బల్ల మీద వినే తీగ వింటూనే ఉంటుంది కదా.

అసలు తాయారు చెరువులో ఉంది. మొలలోతు నీళ్లలో నిలబడి అరటిబొంద పట్టుకుని నీళ్లు బాదుతోంది, కాస్త గాలి కలుస్తుందని. చుట్టూ రొయ్యలు పైకి తేలి మీసాలు బయటపెట్టి గట్టువైపు పాకుతున్నాయి. కాళ్లకి తగిలి ఎగిరిపడుతున్నాయి. ఎవరైనా రండర్రా, తలో బొందా పట్టుకోండర్రా అని ఆమె పేరుపేరునా ఊరందర్నీ పిలిచింది. తన చేతుల మీద నడక నేర్చినవాళ్లని, వాళ్ల తల్లుల్ని. గొంతు పూర్తిగా పోయేదాకా పిలిచింది. ఎవరూ రాలేదు.

రాలేదంటే మరీ కఠినులై కాదు. ఇళ్లల్లో ఉన్నవాళ్లకి ఆ పిలుపు వినబడింది. బోర్లా పెట్టిన ఫోనే ఏదో అంటోందనుకున్నారు. ఒకామె లేచి ఫోను మీద దిండు కూడా వేసింది.

జనం వదిలిపెట్టాక అబ్బులు చెరువు దగ్గరికి వచ్చేసరికి బాదడం ఆగిపోయింది. తెల్లగా తిరగబడ్డ రొయ్యల మధ్య తాయారు నిలబడి ఉంది. పైన వెదురుగెడకి వేలాడే డబ్బా ఆమె గొంతుతోనే, ఆమెకే చెబుతోంది. "అబ్బులు గారి చెరువు ఆగింది. మిగతా పదీ క్షేమం. అందరూ భోజనం చేయండి."

మిగతా పదీ నిజంగానే క్షేమం. రోడ్డు మీద నీళ్లు తీశాక లారీలొచ్చాయి. తాడిమెరక సంగతి విని పక్క ఊళ్లవాళ్లు వచ్చి బోర్డులు కాపీ చేసుకుపోయారు. వాటినుంచి ఇంకెవరో తీసుకున్నారు. ఊరికే ఇచ్చేదే కదా. ఆ పక్క లంకల్లోనూ మెరకల్లోనూ చెరువున్న ప్రతిచోటా తెల్లారగానే తాయారు గొంతు వినబడుతోందిప్పుడు. ఏ చెరువు నిలవాలో, ఏది ఆగాలో అదే గొంతు చెబుతుంది.

ఆ గొంతు పిల్లలకి కూడా తెలిసిపోయింది. అంగన్‌వాడీలో తాయారు నోరు తెరవగానే ఒక పసిది కెవ్వుమని ఏడ్చింది. ఇంటికెళ్లి చెప్పిందంట నాన్న చెరువు ఆపేస్తుందమ్మా ఆవిడ అని. మర్నాడు తాయారు ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అబ్బులు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నా గొంతు నాకిచ్చెయ్యరా," అంది.

"నా దగ్గర లేదక్కా. అందరిదీ అయిపోయింది," అన్నాడు రత్నం.

గొంతు ఇచ్చెయ్యమని అడిగిందే తాయారు నోటినుంచి వచ్చిన ఆఖరి మాట. అమలాపురంలో డాక్టరు గొంతులో దీపం పెట్టి చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఇంట్లో చేతులతో, కళ్లతో చెబుతుంది. నిద్రలో కూడా పలకరించదు. అబ్బులు ఒకటి మాత్రం ఎవరికీ చెప్పడు. ఒక్కోసారి ఆమె మాట వినాలనిపించి ఆపుకోలేక గూట్లోంచి పాత ఫోను తీసి, ఏవో నీళ్ల సంగతులు అడుగుతాడు. అది ఓపిగ్గా చెబుతుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతే చప్పున ఆపేసి, చెంపలు తుడుచుకుని, సెంటరుకి పోయి రత్నాన్ని తిట్టడం మొదలుపెడతాడు.

మేత కొట్టువాడు చెరువు స్వాధీనం చేసుకుని ఈశ్వరుడికి లీజుకిచ్చాడు. కొత్త పిల్ల దించిన రోజు అబ్బులు అటుగా వెళ్తూ ఆగాడు. వెదురుగెడ మీద డబ్బా అలాగే ఉంది.

"నమస్కారం ఈశ్వరుడు గారూ," అంది తాయారు గొంతు. "పిల్ల ఎంత వేశారు?"

ఈశ్వరుడు అటూ ఇటూ చూశాడు. గట్టుమీద నిలబడ్డ అబ్బుల్ని చూశాడు. అతని కళ్లనే చూశాడు. గొంతు తగ్గించి, "లక్షే," అన్నాడు.

"మీ మాటే లెక్క."

అబ్బులు తల దించుకుని నడిచాడు. తూర్పున పంటకాలువ, పడమర ఈశ్వరుడి చెరువు, ఉత్తరాన ఐసు ఫ్యాక్టరీ గోడ, దక్షిణాన పుంతదారి. మధ్యనున్నది తాత కొన్నది, తండ్రి తవ్వించినది, ఇప్పుడు తనది కానిది, ఎకరా ఎనభై ఏడు సెంట్లు.